ఉద్యోగం చేసుకుంటూ రియల్ ఎస్టేట్ ఏజెంటుగా మొదలుపెట్టడం కుదిరే పనేనా?

సాయంత్రం_తీరిక
కూకట్‌పల్లిలో ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. ఆరు గంటలకు పని ముగుస్తుంది, శని, ఆదివారాలు సెలవు. నిజాంపేటలో ఫ్లాటు, దాని మీద బ్యాంకు వాయిదా, ఇద్దరు పిల్లల ఫీజులు ఉన్నాయి కాబట్టి ఇంకొక ఆదాయం కావాలి. మా ఆఫీసులోనే పనిచేసే ఒకాయన వారాంతాల్లో ప్లాట్లు అమ్మిపెడుతుంటాడు. ఆయన నన్ను ఈమధ్య ఒక మార్కెటింగ్ సంస్థ సమావేశానికి తీసుకువెళ్లాడు. హోటల్లో పెద్ద హాలు, మంచి భోజనం, వేదిక మీద కార్ల తాళాలు అందుకుంటున్న అసోసియేట్లు కనిపించారు. వెంచరు షాద్‌నగర్ వైపు ఉందట. చేరాలంటే ముందు నేను వారి వెంచరులో ఒక ప్లాటు బుక్ చేయాలట. నా కింద మరికొందరిని చేర్పిస్తే వారి అమ్మకాల మీద కూడా నాకు వాటా వస్తుందట. రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, అంటే రెరా కింద నమోదు గురించి అడిగితే, అది కంపెనీకి ఉంది కాబట్టి మీకు విడిగా అవసరం లేదన్నారు.

నాకు తెలియవలసినవి మూడు. రెరా విషయంలో వారు చెప్పింది నిజమేనా? ఇలాంటి సంస్థలో చేరకుండా సొంతంగా మొదలుపెట్టే దారి ఉందా? సాయంత్రాలు, వారాంతాలు మాత్రమే ఇవ్వగలిగినవాడికి ఈ పని అసలు సాధ్యమేనా?

గజం_గుంట
వేదిక మీద తాళాలు అందుకున్నవారిలో ఒకరినైనా పక్కకు పిలిచి, ఆ కారు వాయిదాలు ఎవరు కడుతున్నారో అడిగి ఉండవలసింది.

పహాణీ_పంతులు
మొదటి ప్రశ్నకు జవాబు నేను చెప్పగలను. 2016 నాటి రెరా చట్టంలో ఏజెంటు అంటే ఎవరో స్పష్టంగా నిర్వచించారు. అమ్మేవారి తరఫున గాని కొనేవారి తరఫున గాని బేరం నడిపి, లేదా ఇద్దరినీ కలిపి, అందుకు కమీషను, ఫీజు వంటి ప్రతిఫలం తీసుకునే ప్రతి వ్యక్తీ ఏజెంటే. బ్రోకరన్నా, డీలరన్నా, మధ్యవర్తన్నా, మరే పేరుతో పిలిచినా ఆ చట్టం కిందికే వస్తాడు. మీరు ఆ సంస్థలో నెలజీతం తీసుకునే ఉద్యోగి కారు, అమ్మకం జరిగితే కమీషను తీసుకునే మనిషి. కాబట్టి వారి నమోదు మిమ్మల్ని కాపాడుతుందని నేను అనుకోవడం లేదు. 9వ సెక్షను ప్రకారం, ప్రమోటరు, అంటే ప్రాజెక్టు వేసి అమ్మేవారు, అమ్ముతున్న ప్రాజెక్టులో ప్లాటు గాని ఫ్లాటు గాని రెరా నమోదు లేని ఏజెంటు అమ్మిపెట్టకూడదు. అమ్మితే 62వ సెక్షను కింద ఆ తప్పు కొనసాగినన్ని రోజులూ రోజుకు 10,000 రూపాయల చొప్పున జరిమానా పడుతుంది, అది ఆ ఆస్తి విలువలో 5 శాతం దాకా పెరగవచ్చు. తెలంగాణలో వ్యక్తులకు నమోదు రుసుము 10,000 రూపాయలు, సంస్థలకు 50,000 రూపాయలు. నమోదు ఐదేళ్లు చెల్లుతుంది. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే చేసుకోవాలి. పాన్, చిరునామా రుజువు, ఫోటో, ఆదాయపు పన్ను రిటర్నులు అడుగుతారు. జీతగాడికి అవన్నీ ఇంట్లోనే ఉంటాయి.

ఇక ముందుగా ఒక ప్లాటు బుక్ చేయాలన్న షరతు గురించి. ఆ సమావేశంలో అసలు కస్టమరు మీరే. మీ తరువాత మీరు చేర్చే నలుగురు, వారి తరువాత వారి బంధువులు. ప్లాటు అమ్మకం కంటే మనుషులను చేర్చడం మీదే డబ్బు ఎక్కువగా తిరిగే పథకమైతే, మనీ సర్క్యులేషన్ పథకాలను నిషేధించిన 1978 నాటి చట్టం ఒకటి ఉందని కూడా గుర్తుంచుకోండి.

ఆదివారం_వెంచర్
పంతులు గారు అన్ని మార్కెటింగ్ సంస్థలనూ ఒకే గాటన కట్టేశారు, అది న్యాయం కాదు. నేను మెడికల్ రిప్రజెంటేటివ్‌గా ఉద్యోగం చేస్తూనే ఒక సంస్థ తరఫున ప్లాట్లు అమ్ముతున్నాను. నన్ను ఎవరూ ప్లాటు కొనమనలేదు. ఆదివారం ఉదయం సంస్థ కారు పెడుతుంది, నేను కస్టమరు కుటుంబాన్ని ఎక్కించుకుని వెళతాను, సైటులో బ్రోచరు, ధరల పట్టిక, కాగితాలు అన్నీ వారే చూపిస్తారు. కొత్తగా వచ్చినవాడికి ఇంతకంటే సులువైన దారి ఏముంది? సొంతంగా మొదలుపెట్టినవాడికి చూపించడానికి ప్లాటు ఉండదు, చూడడానికి కస్టమరు ఉండడు. పైగా రీసేలు ఫ్లాటులో రెండువైపులా ఒక్కొక్క శాతం రావడమే కష్టం. వెంచరులో కమీషను అంతకంటే చాలా ఎక్కువ.

పహాణీ_పంతులు
కమీషను అంత ఎక్కువ ఎందుకు ఇస్తున్నారన్నదే నా ప్రశ్న. ఊరికి దూరంగా, ఇప్పట్లో ఎవరూ ఇల్లు కట్టని చోట ఉన్న ప్లాటు దానంతట అది అమ్ముడుపోదు. ఆ కమీషను గజం ధరలోనే కలిసి ఉంటుంది, కొన్నవాడు తిరిగి అమ్మబోతే అది తేలుతుంది. మీ సంస్థ మంచిదే కావచ్చు, కాదనను. మరి మీకు సొంత రెరా నంబరు ఉందా?

ఆదివారం_వెంచర్
ఉంది. మొదటి సంవత్సరమే తీసుకున్నాను. తీసుకోవాలనే నేనూ చెబుతాను.

గజం_గుంట
ఈ చర్చలో ఇద్దరు ఒకే మాట మీదికి రావడం ఇదే మొదలు. దీన్ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటున్నాను.

కొల్లూరు_కొనుగోలుదారు
కొన్నవాడి వైపు నుంచి ఒక మాట చెప్పాలి. మా బాబాయి కొడుకు ఉద్యోగం చేసుకుంటూనే ఈ పని మొదలుపెట్టాడు. అతని మొదటి కస్టమర్లు మేమే, అంటే బంధువులమే. చదరపు అడుగు బయటి ధరలో దాదాపు సగానికే వస్తుందని, మొత్తం డబ్బు ఒకేసారి కట్టాలని చెప్పి ఒక ప్రీలాంచ్‌లో పెట్టించాడు. అప్పటికి దానికి అనుమతి లేదు, రెరా నంబరు లేదు. మా చేతికి వచ్చింది రిజిస్టరు కాని ఒక ఒప్పంద పత్రం. ఏళ్లు గడిచినా అక్కడ పునాది గుంత తప్ప మరొకటి లేదు. అతనికి కమీషను మాత్రం మేము డబ్బు కట్టిన వారంలోనే వచ్చిందట.

500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో గాని, 8 ఫ్లాట్ల కంటే ఎక్కువగా గాని కట్టే ప్రాజెక్టును రెరాలో నమోదు చేయకముందు ప్రకటించకూడదనీ, బుకింగులు తీసుకోకూడదనీ మాకు తరువాత తెలిసింది. నమోదైన ప్రాజెక్టులో కూడా రిజిస్టరు చేసిన అమ్మకం ఒప్పందం లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదని 13వ సెక్షను చెబుతోంది. ఈ రెండు సంగతులు మా తమ్ముడికి తెలిసి ఉంటే మా డబ్బు మిగిలేది. తెలిసే చేశాడా అన్నది నేను ఇంతవరకు అడగలేదు. అతను ఇప్పుడు మా ఇళ్లలో శుభకార్యాలకు రావడం మానేశాడు.

సాయంత్రం_తీరిక గారు, మీరు బంధువులతో మొదలుపెట్టకండి.

ఆదివారం_వెంచర్
కొల్లూరు గారి బాధ అర్థమైంది. నమోదు కాని ప్రాజెక్టును ఏజెంటు అమ్మిపెట్టకూడదని 10వ సెక్షనులోనే ఉంది. మా సంస్థ ప్రీలాంచ్ తెచ్చినప్పుడు నేను తప్పుకున్నాను. తప్పుకోని వారు ఆ ఏడాది నాకంటే చాలా ఎక్కువ సంపాదించారన్నది కూడా నిజం.

బాచుపల్లి_బాల్కనీ
రెండో ప్రశ్నకు ఇంతవరకు ఎవరూ సూటిగా జవాబు చెప్పలేదు. సొంతంగా మొదలుపెట్టే దారి ఉంది, అది మీరు ఉంటున్న చోటే ఉంది.

నేను బాచుపల్లిలో ఒక గేటెడ్ కమ్యూనిటీలో ఉంటాను. ఒక బడిలో లెక్కలు చెబుతాను. మా టవర్లలోనూ, పక్కనున్న రెండు అపార్టుమెంట్లలోనూ తప్ప ఎక్కడా బేరం పట్టుకోను. ఇక్కడ ఎవరు ఇల్లు మారబోతున్నారో బోర్డు పెట్టకముందే నాకు తెలుస్తుంది. పిల్లల టీసీల గురించి తల్లులు మాట్లాడుకుంటారు, సర్వీసు లిఫ్టు దగ్గర అట్టపెట్టెలు కనిపిస్తాయి, పనిమనిషి కొత్త ఇల్లు వెతుక్కుంటూ ఉంటుంది. ఇక కొనడానికి వచ్చినవారు అడిగేవి బ్రోచర్లలో ఉండవు. మంజీరా నీళ్లు వారానికి ఎన్నిసార్లు వస్తాయి, ఎండాకాలంలో ట్యాంకర్ల ఖర్చు ఒక్కో ఫ్లాటుకు ఎంత పడింది, తూర్పు గుమ్మమని చెబుతున్నారు గాని ఎదురుగా ఉన్న టవరు వల్ల అసలు ఎండ పడుతుందా, పార్కింగు స్థలం నంబరు సేల్ డీడులో రాసి ఉందా లేక అసోసియేషను మాటమీద నడుస్తోందా, కార్పస్ ఫండు, అంటే అసోసియేషను దగ్గర ఉండే ఉమ్మడి నిధి, కొత్త ఓనరు పేరుకు మారుతుందా. వీటికి నేను నిలబడిన చోటే జవాబు చెప్పగలను. షాద్‌నగర్‌లో ప్లాటు చూపించమంటే మాత్రం నేనూ డ్రైవరునే.

మీకు నిజాంపేట తెలుసు. ఏ వీధిలో వానకు నీళ్లు నిలుస్తాయో, ఏ అపార్టుమెంటులో లిఫ్టు గొడవ నడుస్తోందో తెలుసు. అమ్మకానికి ఉన్న ఫ్లాట్ల జాబితా ఒకటి తయారు చేసుకుని, ఓనర్లను స్వయంగా కలవండి. వారిలో చాలామంది అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటారు. అమెరికా వాళ్లకు తీరిక దొరికేది మనకు రాత్రి పూట కాబట్టి సాయంత్రాలు మాత్రమే ఉన్నవారికి అది ఒక విధంగా అనుకూలమే. ఉదయం పదకొండు గంటలకు ఫోను ఎత్తలేకపోవడమే అసలు ఇబ్బంది. నాకు పాఠాల మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి సరిపోతోంది, మీ ఆఫీసులో ఎలా ఉంటుందో చూసుకోండి.

ఒక్క విషయం ముందుగానే తెలుసుకోండి. ఇది నెలనెలా వచ్చే ఆదాయం కాదు. ఆషాఢంలో పలకరించే దిక్కు ఉండదు, శ్రావణం రాగానే ఒకే ఆదివారం మూడు కుటుంబాలు ఒకే ఫ్లాటు చూస్తామంటాయి. బ్యాంకు వాయిదాను దీని మీద పెట్టుకోవద్దు.

సాయంత్రం_తీరిక
బాల్కనీ గారు, రీసేలుకు కూడా రెరా నమోదు తప్పనిసరా? 9వ సెక్షను ప్రమోటరు అమ్మే వాటికే అని పంతులు గారి వివరణలో చదివాను.

బాచుపల్లి_బాల్కనీ
మీరు చదివింది సరే. ఒక వ్యక్తి తన పాత ఫ్లాటును మరొకరికి అమ్ముకోవడం, అద్దెకు ఇవ్వడం ఆ సెక్షను మాటల్లోకి రావు. అయినా నేను తీసుకున్నాను. ఫ్లాటు చూడడానికి వచ్చినవారిలో కొందరు చివరికి కొత్త ప్రాజెక్టు వైపు వెళతారు. అప్పుడు వారిని వదులుకోవడమో, నంబరు లేకుండా వెంట వెళ్లడమో చేయవలసి వచ్చేది.

ఉప్పల్_టులెట్
నా సలహా వేరు. రీసేలు కంటే ముందు కొంతకాలం అద్దె ఇళ్లు చూపించండి. ఉప్పల్ మెట్రో చుట్టుపక్కల నేను అలాగే మొదలుపెట్టాను. కమీషను పదిహేను రోజుల అద్దె నుంచి నెల అద్దె దాకా వస్తుంది, బేరం వారం తిరగకుండా తేలిపోతుంది, తప్పు జరిగినా ఎవరి జీవితకాలపు పొదుపూ పోదు. మనుషులు ఏమి అంటారో, ఏమి అనుకుంటారో అక్కడే తెలుస్తుంది. ఫోనులో ఎవరికైనా ఇస్తామన్న ఓనరు గుమ్మం దగ్గర బ్యాచిలర్లకు ఇవ్వనంటాడు. రెండు గదులు చాలన్న కుటుంబం ఊరి నుంచి అత్తగారు వస్తున్నారని తాళం తీసేటప్పుడు చెబుతుంది. అద్దెకు వచ్చినవారే మూడు నాలుగేళ్లలో ఇల్లు కొంటారు, అప్పుడు ముందుగా గుర్తొచ్చేది తాళం తీసి చూపించిన మనిషే. అద్దె అగ్రిమెంటు పదకొండు నెలలకు ఎందుకు రాస్తారో కూడా నేర్చుకోండి.

గజం_గుంట
అద్దె కమీషను పెట్రోలుకు సరిపోతుంది, ఇరానీ చాయ్‌కి మాత్రం ఇంటి నుంచి తెచ్చుకోవాలి.

ఉప్పల్_టులెట్
గజం_గుంట గారు, నా చాయ్ ఎప్పుడూ ఓనరే పోస్తాడు.

ఐటీ_అడ్డా
ఉద్యోగ ఒప్పందం సంగతి ఎవరూ ఎత్తలేదు. మా కంపెనీలో చేరేటప్పుడు సంతకం పెట్టిన కాగితంలో, ముందస్తు రాతపూర్వక అనుమతి లేకుండా మరే సంపాదన పనీ చేయరాదని ఉంది. నేను హెచ్‌ఆర్‌కు ఉత్తరం రాసి, వారి వ్యాపారంతో సంబంధం లేని పని కాబట్టి అనుమతి తెచ్చుకున్నాను. సాయంత్రం_తీరిక గారు నియామక పత్రం ఒకసారి తీసి చదువుకోవాలి. ఆఫీసు ల్యాప్‌టాపులో ప్లాట్ల ధరల పట్టికలు తెరవడం కూడా మంచిది కాదు.

కేంద్ర_కొలువు
నేను కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో పనిచేస్తున్నాను. మాకు అనుమతి రాదు కాబట్టి మా ఆవిడ పేరు మీద రెరా నమోదు తీసుకుని, తిరగడం నేను తిరిగితే సరిపోతుందా?

పహాణీ_పంతులు
సరిపోదు. కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి 1964 నాటిది, అందులో 15వ నియమం చూడండి. భార్య గాని కుటుంబ సభ్యులు గాని నడిపే బీమా ఏజెన్సీ, కమీషను ఏజెన్సీ వంటి వాటి కోసం ఉద్యోగి ప్రచారం చేయడం కూడా నియమోల్లంఘనే అని అందులోనే వివరణ ఉంది. మీ ఆవిడే స్వయంగా చేస్తే, కుటుంబ సభ్యురాలు వ్యాపారం చేస్తున్నట్లు మీరు ఆఫీసుకు తెలియజేయాలి. రాష్ట్ర ఉద్యోగులకు వేరే నియమావళి ఉంది.

పాతబస్తీ_పిల్లగాడు
అంటే ఆమె తిరగాలి, ఈయన వంట చేయాలి. ఆ నియమం ఎవరు రాశారో గాని భాభీల దువా దొరుకుతుంది.

ఆడిటరు_పక్కసీటు
పన్నుల గురించి అడగకపోయినా చెబుతున్నాను, ఎందుకంటే కమీషను వచ్చిన తరువాతి జూలైలోనే అందరూ మా ఆఫీసుకు పరుగెత్తుకొస్తారు.

కమీషను వ్యాపార ఆదాయం కిందికి వస్తుంది. ఇన్నాళ్లూ జీతానికి ఐటీఆర్‌–1 వేసినవారు ఇకమీదట ఐటీఆర్‌–3 వేయాలి. చిరువ్యాపారులు టర్నోవరులో ఇంత శాతం లాభమని చూపించి లెక్కల పుస్తకాలు లేకుండా బయటపడే పద్ధతి ఒకటి ఉంది గదా, అది కమీషను, బ్రోకరేజీ ఆదాయానికి వర్తించదు. కాబట్టి పెట్రోలు, ఫోను, పోర్టళ్లలో ప్రకటనలకు కట్టిన డబ్బు, రెరా రుసుము అన్నిటికీ రసీదులు దాచి, అసలు ఖర్చులు చూపించి, మిగిలిన దాని మీద పన్ను కట్టాలి. సంస్థలు కమీషను ఇచ్చేటప్పుడు టీడీఎస్ కోస్తాయి. ఆ రేటు 2024 అక్టోబరు నుంచి 5 శాతం నుంచి 2 శాతానికి తగ్గింది. తక్కువ కోశారని పన్ను తగ్గినట్లు కాదు, మిగతాది మీరే ముందస్తు పన్నుగా కట్టుకోవాలి. బ్రోకరేజీ మీద జీఎస్టీ 18 శాతం. ఏడాదిలో ఈ సేవల రాబడి 20 లక్షల రూపాయలు దాటితేనే నమోదు తప్పనిసరి అవుతుంది, జీతం ఆ లెక్కలోకి రాదు.

ఏజెంట్లు తరచుగా చేసే తప్పు మరొకటి ఉంది. స్థిరాస్తి అమ్మకానికి అడ్వాన్సుగా 20,000 రూపాయలు గాని అంతకు మించి గాని నగదు తీసుకోకూడదు. తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడవచ్చు. ఓనరు తరఫున మీరు టోకెను నోట్లు లెక్కపెట్టుకుని జేబులో పెట్టుకోకండి, కొనేవారి ఖాతా నుంచి ఓనరు ఖాతాకు నేరుగా వేయించండి. అలాగే 50 లక్షలు, ఆపైన ఉన్న ఆస్తి కొనేవారు 1 శాతం టీడీఎస్ కోసి కట్టాలన్నది కూడా ముందే చెప్పండి. అమ్మేది ప్రవాస భారతీయుడైతే ఆ 1 శాతం లెక్క చెల్లదు, అంతకంటే చాలా ఎక్కువ కోయాలి. ఆ బేరాన్ని ఆడిటరుకు చూపించకుండా ముందుకు తీసుకువెళ్లకండి.

దస్తావేజు_గుమాస్తా
సబ్‌రిజిస్ట్రారు కార్యాలయం ఎదుట కూర్చుని దస్తావేజులు రాసేవాడిని. మా దగ్గరికి వచ్చే కొత్త ఏజెంట్లలో చాలామందికి మాటలు వచ్చు, కాగితం చదవడం రాదు. సాయంత్రాలు ఖాళీగా ఉన్నప్పుడు నేర్చుకోవలసింది అదే.

ముందు ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తనఖాల వివరాలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైటులో 1983 నుంచి దొరుకుతుంది, అంతకు ముందువి కావాలంటే కార్యాలయంలో దరఖాస్తు పెట్టుకోవాలి. ఈసీలో పైనున్న చివరి అమ్మకం మాత్రమే చూసి సరే అనేవారున్నారు. కిందికి వెళ్లి ప్రతి వరుసలో దస్తావేజు నంబరు, సంవత్సరం, ఎవరి నుంచి ఎవరికి, సర్వే నంబరు, ఎన్ని గజాలు అన్నవి లింకు డాక్యుమెంట్లతో, అంటే అదే ఆస్తి పాత దస్తావేజులతో, సరిపోల్చాలి. పాత దస్తావేజులో 200 గజాలున్న ప్లాటు మధ్యలో ఎక్కడో 220 గజాలుగా మారితే, ఆ 20 గజాలు పక్కవాడివో రోడ్డువో అయి ఉంటాయి. బ్యాంకు తనఖా వరుస ఉండి దాన్ని విడిపించిన వరుస లేకపోతే అక్కడే ఆగాలి.

వెంచరు ప్లాటు అయితే హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ ఇచ్చిన లేఅవుట్ పటం తెప్పించుకోండి, అది డ్రాఫ్టు అనుమతా, తుది అనుమతా అన్నది చూడండి. రోడ్లు, డ్రైనేజీ పూర్తి చేస్తామన్న హామీకి ప్రమోటరు కొన్ని ప్లాట్లను హెచ్‌ఎండీఏకు తనఖా పెడతాడు. పటంలో వాటి నంబర్లు విడిగా గుర్తించి ఉంటాయి. విడుదల కాకముందే వాటిని చౌకగా అమ్మజూపేవారు ఉంటారు. కార్నరు ప్లాటు ఇంత తక్కువకు ఎలా వస్తోందని కస్టమరు సంబరపడుతున్నప్పుడు మీరు ఆ పటం తెరవాలి.

చెరువు దగ్గర స్థలమైతే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు), దాని చుట్టూ ఉండే బఫరు జోను చూసుకోవాలి. 2024 జూలైలో చెరువుల ఆక్రమణలను తొలగించే హైడ్రా వచ్చాక కొనేవారు ఫోనులోనే మొదట అడిగే ప్రశ్న ఇది. గండిపేట, హిమాయత్‌సాగర్ పరీవాహకంలో 84 గ్రామాల్లో నిర్మాణాల మీద ఆంక్షలు పెట్టిన 111 జీవో 1996 నాటిది, ఆ వైపు తీసివేశారట అన్న మాట వినగానే బేరం కుదర్చకండి, లాయరును అడగండి. అసైన్డు భూములు, వక్ఫ్, దేవాదాయ భూములు నిషేధిత జాబితాలో ఉన్నాయేమో చూడాలి. సాగు భూమి అయితే ధరణి స్థానంలో 2025లో వచ్చిన భూ రికార్డుల పోర్టల్ భూభారతిలో వెతకాలి. ఇంత చూసినా మీరు లాయరు కారు. మీకు సందేహం ఎక్కడ వచ్చిందో కస్టమరుకు చెప్పి, లీగల్ ఒపీనియన్ తీసుకోమనండి.

గజం_గుంట
గుంటకు 121 గజాలు, ఎకరానికి 40 గుంటలు అన్నది కూడా రాని ఏజెంటు ఒకడు నాకు ఎకరంలో నాలుగో వంతు వెయ్యి గజాలని చెప్పాడు. మిగతా 210 గజాలు తన కమీషనేమో అనుకున్నాను.

ఎల్బీనగర్_రెండుశాతం
అందరూ పని ఎలా చేయాలో చెప్పారు, డబ్బు ఎలా చేతికి వస్తుందో చెప్పలేదు. వనస్థలిపురం, హయత్‌నగర్ వైపు చాలా ఏళ్లుగా చేస్తున్నాను. రిజిస్ట్రేషను రోజు ఎలా ఉంటుందో చెబుతాను వినండి. ఉదయం నుంచి పార్టీలిద్దరూ మిమ్మల్ని అన్నా అన్నా అంటూ వెంట తిప్పుకుంటారు. చలాను కట్టారా, సాక్షులు వచ్చారా, ఆధారు తెచ్చారా అన్నీ మీరే చూడాలి. ఫోటోలు దిగి, వేలిముద్రలు వేసి బయటికి రాగానే కొన్నవారు స్వీటు పెట్టెతో గుడికి బయలుదేరతారు. అమ్మినవారు బ్యాంకు మూసేలోగా చెక్కు వేయాలంటారు. మీరు మెల్లగా కమీషను మాట ఎత్తితే, ఇంత చిన్న పనికి అంత ఎక్కడిది, సాయంత్రం ఇంటికి రండి మాట్లాడుకుందాం అంటారు. ఆ సాయంత్రం సగానికి తెగుతుంది.

అందుకని ఇల్లు చూపించకముందే ఒక చిన్న కాగితం రాయించుకోండి. ఎంత శాతం, ఎవరు ఇస్తారు, ఎప్పుడు ఇస్తారు, మీరు పరిచయం చేసిన పార్టీతో తరువాత నేరుగా కుదుర్చుకున్నా ఇవ్వాలన్నది అందులో ఉండాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 219వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే పని పూర్తయ్యేదాకా ఏజెంటుకు డబ్బు బాకీ పడదు. నేను సగం అమ్మకం ఒప్పందం రాసుకున్న రోజున, సగం రిజిస్ట్రేషను రోజున తీసుకుంటాను.

కొల్లూరు_కొనుగోలుదారు
మీరు రెండువైపులా తీసుకుంటారని మీ పేరే చెబుతోంది. ఒకే మనిషి అమ్మేవాడికి ఎక్కువ ధర, కొనేవాడికి తక్కువ ధర ఎలా తెచ్చిపెడతాడు?

ఎల్బీనగర్_రెండుశాతం
తెచ్చిపెట్టడు. ఇద్దరూ ఒప్పుకునే ధరకు తెస్తాడు. రెండువైపులా తీసుకుంటున్నానని ఇద్దరికీ ముందే చెబుతాను. ఓనరు చెప్పిన ధర మీద చాటుగా మరో రెండు లక్షలు కలిపి అమ్మేవారున్నారు, మీ కోపం వారి మీద చూపించండి.

బాచుపల్లి_బాల్కనీ
ఈ విషయంలో నేను కొల్లూరు గారి వైపే. నేను ఓనరు దగ్గర మాత్రమే తీసుకుంటాను, కొనేవారికి ఆ సంగతి మొదటి రోజే చెబుతాను. ఆదాయం తగ్గుతుంది, కాని ఆ ఫ్లాటు కొన్న కుటుంబం రేపటి నుంచి నా పక్కింటివారు అవుతారు.

ఎల్బీనగర్_రెండుశాతం
మీకు బడి జీతం ఉంది గనుక సాగుతోందమ్మా. నాకు ఇదే వంట గదికి ఆధారం. అది కూడా లెక్కలోకి తీసుకోండి.

సాయంత్రం_తీరిక
ఈ రోజు మధ్యాహ్నం ఆ మార్కెటింగ్ సంస్థ వారికి ఫోను చేసి, నా పేరు మీద రెరా నంబరు తీసుకున్నాకే అమ్ముతాను, ప్లాటు మాత్రం కొనను అని చెప్పాను. ఆలోచించి చెబుతామన్నారు. ఇంతవరకు చెప్పలేదు. నియామక పత్రం తీసి చూశాను. అనుమతి కావాలనే ఉంది, సోమవారం ఉత్తరం ఇస్తాను. నిజాంపేటలో మా వీధి, వెనక వీధి కలిపి అద్దెకు ఉన్నవి, అమ్మకానికి ఉన్నవి రాసుకోవడం మొదలుపెట్టాను. మొదట అద్దెలే చూస్తాను. గుమాస్తా గారు చెప్పినట్లు మా సొంత ఫ్లాటు ఈసీ తీసి చదివితే, బిల్డరు తీసుకున్న ప్రాజెక్టు రుణం తనఖా వరుస కనిపించింది, విడుదల వరుస ఎక్కడుందో మాత్రం దొరకలేదు.

దస్తావేజు_గుమాస్తా
కంగారు పడకండి. ఒక్కొక్కసారి విడుదల దస్తావేజు మొత్తం స్థలం సర్వే నంబరు మీద ఉంటుంది, ఫ్లాటు నంబరుతో వెతికితే రాదు. సర్వే నంబరుతో మళ్లీ తీయండి. అప్పటికీ రాకపోతే మీ బ్యాంకులో ఉన్న డాక్యుమెంట్ల జాబితా అడగండి, రుణం ఇచ్చేటప్పుడు వారు బిల్డరు బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ తీసుకుని ఉండాలి.

ఆదివారం_వెంచర్
విజిటింగ్ కార్డులు కావాలంటే అబిడ్స్‌లో చవకగా వేసేవారు ఉన్నారు, చిరునామా పంపుతాను.

పహాణీ_పంతులు
నంబరు వచ్చేదాకా కార్డులు వేయించకండి. ఏజెంటు జరిపించే ప్రతి అమ్మకంలోనూ తన రెరా నంబరు పేర్కొనాలని చట్టంలోనే ఉంది, నంబరు లేని కార్డులు మళ్లీ చింపి పారేయాలి.